ఉత్ప్రేరక ఉపమానం: హైడ్రోజన్ నిల్వ రసాయనం వెలుగులో ఎలియట్ కావ్యసిద్ధాంతం

1. ప్రస్తావన

టి.ఎస్. ఎలియట్ 1919లో వెలువరించిన ‘ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్’ వ్యాసంలో కవి మనస్సును ప్లాటినం తీగతో పోల్చారు. ఆ లోహం సమక్షంలో ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ కలిసి ఆమ్లం ఏర్పడుతుంది. ఆమ్లంలో ప్లాటినం జాడ ఉండదు. ప్లాటినంలో మార్పు కనిపించదు. అనుభవించే వ్యక్తి వేరు, సృజించే మనస్సు వేరు అనే నిర్వైయక్తికతా సిద్ధాంతానికి ఈ ఉపమానం ఆలంబనగా నిలిచింది. ఘనపదార్థాలలో బంధితమైన హైడ్రోజన్‌ను విడుదల చేయించే ఉత్ప్రేరకాల ప్రవర్తన ఆధారంగా ఈ ఉపమానం బలాన్ని, పరిమితిని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చర్యలో రూపొందే ఉత్ప్రేరకం

సోడియం బోరోహైడ్రైడ్ నీటితో చర్య జరిపినప్పుడు వెలువడే హైడ్రోజన్‌లో సగం ఆ పదార్థం నుండి, సగం నీటి నుండి వస్తుంది. క్షారద్రావణంలో ఈ చర్య మందకొడిగా సాగుతుంది. కోబాల్ట్ క్లోరైడ్ చేర్చితే వేగం పుంజుకుంటుంది. అయితే అక్కడ పనిచేసేది చేర్చిన లవణం కాదు. బోరోహైడ్రైడ్ దానిని క్షయకరణం చేయగా ఏర్పడిన, కోబాల్ట్, బోరాన్ కలిగిన నల్లని ఘనపదార్థం.

సోడియం అలనేట్ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. టైటానియం సమ్మేళనాలు చేర్చితే ఈ పదార్థం హైడ్రోజన్‌ను విడిచి తిరిగి గ్రహించగలదని బొగ్దానోవిచ్, ష్విక్కార్డి 1997లో నిరూపించారు. రెండు దశలలో విడుదల కాగల హైడ్రోజన్ సిద్ధాంతరీత్యా బరువులో 5.6 శాతం. టైటానియం ట్రైక్లోరైడ్ వాడినప్పుడు అందులోని క్లోరిన్ సోడియంతో కలిసి ఉప్పవుతుంది. ఒక్కో టైటానియం పరమాణువుకు మూడు సోడియం పరమాణువులు నిల్వకు పనికిరాకుండా పోతాయి. వేగం పెరుగుతుంది, నిల్వ సామర్థ్యం తగ్గుతుంది.

3. ఉపమాన పరిశీలన

చేర్చిన లవణం పూర్వరూపం మాత్రమేనని, అసలు ఉత్ప్రేరకం ప్రతి ఆవృత్తిలోనూ యథాస్థితికి వస్తుందని ఎలియట్ పక్షాన వాదించవచ్చు. ఈ వాదం సమంజసమే. కాని యథాస్థితికి రావడం, పాల్గొనకపోవడం ఒకటి కావు. ప్లాటినం విషయంలోనూ వాయువులు దాని ఉపరితలానికి బంధితమై, చర్య పొంది, విడిపోతాయి. ఎలియట్ చూపినది చర్యకు ముందు, తరువాత ఉన్న లోహాన్ని. చర్య నడుమ ఉన్న లోహాన్ని కాదు. పైగా అలనేట్‌లోనూ బోరోహైడ్రైడ్‌లోనూ ఉత్ప్రేరకం తాను కదిలించే పదార్థంతో తలపడి రూపొందింది. కవి మనస్సు కూడా అనుభవంతో తలపడి రూపొందుతుందనడానికే ఈ రసాయనం అనుకూలం.

ఉపమానంలో నిలిచే అంశమూ ఉంది. ఉత్ప్రేరకం మార్గాన్ని సులభం చేస్తుందే గాని, పదార్థంలో లేని హైడ్రోజన్‌ను సృష్టించదు. ప్రతిభ శూన్యం నుండి సృజిస్తుందనే భావనకు ఇది సరైన సమాధానం.

4. ముగింపు

ఒక ఉద్యమం ఒక కవికి ‘ఉత్ప్రేరకమైంద’ని తెలుగు విమర్శలో రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అవసరం. అది కవిలో అప్పటికే ఉన్న దేనిని విడుదల చేసింది? ఆ క్రమంలో ఉద్యమం తాను ఏ రూపం పొందింది? రెండవ ప్రశ్న వేయని పరిశోధన ప్రభావాన్ని ఏకముఖంగానే చూపుతుంది.