టెర్రీ కాదు, టెర్రియర్

సోలాపూర్‌లో టెర్రీ అంటే తువ్వాలే. అందుకే హోట్గి రోడ్డులోని మా గల్లీలో "అవ్వా, టెర్రియర్ తెచ్చినం" అని చెబితే, పక్కింటి అవ్వ ఒళ్ళోని బీడీల చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది: "ఎన్ని డజన్లు రా?"

తెచ్చింది ఒక్కటే. అదీ రెండు అరచేతుల్లో ఒదిగే పిల్ల. యార్క్‌షైర్ టెర్రియర్. ఎంత పెరిగినా 3.2 కిలోలు దాటకూడదని కుక్కల పోటీలవాళ్ళ లెక్క. మా అమ్మాయి పట్టుబట్టి తెప్పించుకుంది. నిలకడ లేకుండా తిరుగుతుంటే నేనే, నూలు చుట్టే 'కండె' పేరు పెట్టాను. ముందు నాకు పెద్దగా మనసొప్పలేదు. దొరసానుల ఒళ్ళో కూర్చునే కుక్క అనుకున్నాను. దాని పుట్టుక చదివాక నాలుక కరుచుకున్నాను. ఇది నేతగాళ్ళ కుక్క.

19వ శతాబ్దం నడిమి రోజుల్లో స్కాట్లండ్ నేతగాళ్ళు పని వెతుక్కుంటూ యార్క్‌షైర్ మిల్లులకు వలస వచ్చారు. పొడవాటి వెంట్రుకల చిన్న కుక్కలు వాళ్ళ వెంటే వచ్చాయి. ఎలుకలు పట్టడం వాటి డ్యూటీ. 1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడంటారు. అందాల పోటీల్లో గెలిచింది, ఎలుకల వేటలోనూ గెలిచింది, 1871లో బండి కింద పడి చచ్చిపోయింది. ఈ కుక్కల వెంట్రుకలు మగ్గం మీద నేసినవేనని అప్పటివాళ్ళు హాస్యమాడేవారట. తెలంగాణ పల్లెల నుంచి మా తాతలు ఈ ఊరి మిల్లులకు వచ్చిందీ ఇలాగే. కాకపోతే వాళ్ళు వెంట తెచ్చుకున్నది కుక్కను కాదు, మా నేతగాళ్ళు కొలిచే మార్కండేయుణ్ణి.

టెర్రియర్ అన్న పేరులోనే మన్ను ఉంది. లాటిన్‌లో టెర్రా అంటే నేల. బొరియలో దూరి వేటాడే జాతి కాబట్టి ఆ పేరు. మా కండె బతికేది రెండో అంతస్తులో అయినా ఆ బుద్ధి పోలేదు. ఒకసారి నూలు బస్తాల సందులోంచి పందికొక్కు బయటికొస్తే నేను స్టూలెక్కాను, అది ఎదురెళ్ళింది. తన ఒళ్ళు ఎంతుందో దానికి తెలియదు, మనమే తెలుసుకుని అడ్డం పడాలి. వీధికుక్కల మీదికీ అలాగే ఉరుకుతుంది. కింద పవర్‌లూమ్‌ల మోతకు హాయిగా నిద్రపోతుంది. కరెంటు పోయి మోత ఆగిందా, లేచి మొరుగుడు.

ధైర్యం ఎంతున్నా ఒళ్ళు మాత్రం సున్నితం. మెడపట్టీ కట్టి గుంజితే గాలిగొట్టం దెబ్బతింటుంది, ఛాతీకి వేసే పట్టీయే మేలు. పిల్లగా ఉన్నప్పుడు ఒక పూట తిండి తప్పినా ఒంట్లో చక్కెర పడిపోయి వణుకుతుంది, అందుకే కొంచెం కొంచెం నాలుగుసార్లు పెట్టేవాళ్ళం. మంచం మీంచి దూకనిస్తే మోకాలి చిప్పలు జారొచ్చు. జొన్నరొట్టె ముక్క వేస్తే ఫరవాలేదు కానీ, దానికి మా శేంగా చట్నీ, అంటే పల్లీల వెల్లుల్లి కారం, అంటిందంటే తంటా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తానికి విషం. అవ్వ చాటలోని తంబాకూ విషమే. ఆ సంగతి చెప్పిన రోజు నుంచి చాట అరుగు మీద పెట్టడం మానేసింది, పాపం.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఏప్రిల్‌లో ఎండ నలభై దాటగానే, జాలిపడి, ఒంటి వెంట్రుకలన్నీ చర్మం దాకా గొరిగించాను. మూడు రోజులకే వీపు ఎర్రగా కమిలింది. వెంట్రుకలు పొట్టిగా కత్తిరిస్తే చాలు, తోలు బయటపడకూడదని డాక్టరు తిట్టాడు. ఇప్పుడు ఎండ పూట గడప దాటనివ్వను. సాయంత్రమైనా ముందు రోడ్డు మీద చేయి వెనకభాగం ఆనించి చూస్తాను. నాకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

మళ్ళీ పెరిగిన వెంట్రుకలు పట్టులా జారుతున్నాయి. ఊడేది తక్కువ, మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటాయి. పిల్లప్పుడు నల్లగా ఉన్న వీపు ఇప్పుడు ఉక్కు రంగుకు తిరిగింది. కానీ మా ఇంట్లో గాలి నిండా నూలు ధూళి. సాయంత్రానికల్లా చెవుల వెనక, చంకల్లో ఉండలు కడతాయి. నేను దువ్వెన మొదట్లో పెట్టి లాగేవాణ్ణి, అది కుయ్యిమని పారిపోయేది.

ఒకరోజు అవ్వ చూసి "ఇటియ్యి, నూలు ఎన్నడు చూడలేదా నువ్వు?" అంది. మునివేళ్ళు నీళ్ళలో తడిపి, చిక్కు మీద అద్దింది. మొదలును ఎడమ చేత్తో బిగబట్టి, కుడి చేతి గోటితో కొస నుంచి ఒక్కో పోగూ విడదీసుకుంటూ పైకి వచ్చింది. తెగిన పడుగు అతికేవాళ్ళు చేసే పనే అది. కండె కదల్లేదు, కళ్ళు మూసుకుంది. కళ్ళ మీద పడుతున్న జుట్టును అవ్వ పైకెత్తి పట్టుకుని రిబ్బను అడిగింది. అమ్మాయి వెతికి తెచ్చేలోపే చాటలోంచి బీడీల దారం తెంపి, రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి నొక్కేసింది.