సుబ్బారావు కథలో మనం వదలిన పుట

సఖినేటిపల్లి రేవులో వసిష్ఠ దాటి నరసాపురం మీదుగా పోతే భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో జన్మించినది అక్కడనే. బోదకాలు మన కోనసీమకు పాత చుట్టము. ఆ వ్యాధిక్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ 1947లో వెలువడినది ఆయన పరిశోధనలు నడిపిన లెడర్లీ సంస్థ నుండే. కనుక అమలాపురం, రాజోలు, కొత్తపేట పాఠశాలలలో ఆయన కథ చెప్పుకొనుట తగినదే. చెప్పే తీరు మాత్రం నాకు నచ్చదు.

"నిద్రాహారాలు మాని" అని మొదలుపెడతాము. బోస్టనులో రాత్రిళ్లు ఆసుపత్రి కూలిపని, పగలు హార్వర్డులో చదువు, 1948లో 53వ ఏట గుండెపోటు. వినే బాలుడు గ్రహించేదేమిటి? గొప్ప వైద్యునికి శరీరమనేది ఉండదని! అధికశ్రమవల్లనే ఆయన పోయినాడని నిరూపించలేము. మన ధోరణి మాత్రం అదికూడ ఒక ఘనకార్యమే అన్నట్లుంటుంది.

వదలిన పుట ఏమంటే, సుబ్బారావు రోగి. స్ప్రూ అనే జబ్బులో పేగులు ఆహారసారాన్ని పీల్చుకొనలేవు. ఎడతెగని విరేచనాలు, నోటిపూత, రక్తహీనత కలుగుతాయి. దానితో ఆయన సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించినారు. తనకూ అదే జబ్బు సోకగా ఆచంట లక్ష్మీపతి చికిత్స చేసి కోలుకొనజేసినారు. తరువాత మద్రాసులో ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరనిర్మాణశాస్త్రం బోధించినాడు. 1945లో లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం తయారైనది. 1948లో ఆరియోమైసిన్ ప్రకటితమైనది. నేటికీ స్ప్రూకు ఇచ్చేవి ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ చేరిన టెట్రాసైక్లిన్ వర్గపు మందులే.

స్ప్రూ వచ్చినదని చెప్పుకొనుటకు సిగ్గు లేదు. మత్తుమందు అలవాటైనదని, పనిభారంతో మనస్సు డస్సిపోయినదని ఏ వైద్యుడు చెప్పుకొంటాడు? మందు చేతికందే దూరంలోనే ఉంటుంది, మోతాదు తనకే తెలుసు. అమలాపురం వంటి పట్టణంలో ఒక వైద్యుడు మరొక వైద్యుని గది ముందు కూర్చుంటే సాయంత్రానికి పది వీధులకు తెలుస్తుంది. తోటివారు అనుమానించికూడ మర్యాదకు ఊరుకుంటారు. ఆ మర్యాద మూల్యం చెల్లించేది రోగులు.

చికిత్స వ్యర్థమా అంటే కాదు. అమెరికాలో 16 రాష్ట్రాలలో 1995–2001 మధ్య వ్యసనచికిత్సకు చేరిన 904 మంది వైద్యులను పరిశీలించి 2008లో ఒక నివేదిక ప్రకటించినారు. మొదట చికిత్స, పిదప ఏళ్ల తరబడి ముందుగా చెప్పని మూత్రపరీక్షలు, పర్యవేక్షణలో మరల వృత్తి: ఇదీ పద్ధతి. ఫలితం తెలిసిన 802 మందిలో 631 మంది ఐదేళ్ల తరువాత అనుమతిపత్రంతో వృత్తిలో ఉన్నారు. పోల్చుటకు వేరొక జట్టు లేకపోవుట ఈ పరిశీలనలో లోపము; వృత్తి పోతుందన్న భయమే కొంత పనిచేసి ఉండవచ్చు. అయినా, పట్టుబడినవానిని వెళ్లగొట్టుటయే మార్గమనే వాదన దీని ముందు నిలువదు.

మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024లో ఇచ్చిన నివేదికలో, జవాబిచ్చిన 25,590 మంది వైద్యవిద్యార్థులలో 27.8 శాతం తమకు మానసిక రుగ్మత ఉన్నట్లు నిర్ధారణ అయినదని తెలిపినారు. స్వచ్ఛందంగా జవాబిచ్చినవారి లెక్క కనుక దీనిని అందరికీ వర్తింపజేయరాదు. కాని ఆ విద్యార్థులు నిన్నమొన్నటివరకు మన తరగతులలో కూర్చున్నవారే.

జనవరి 12న సుబ్బారావు జయంతి. ఆయన కనుగొన్న మందులేవి అని ఆనాడు పిల్లలను ఎలాగూ అడుగుతాము. ఆయనకు జబ్బు చేసినప్పుడు చికిత్స చేసినవారెవరు అనికూడ ఒక ప్రశ్న వేసి చూడండి.