బాలకీర్తి – స్వాతికిరణము

మొన్న దిల్‌సుఖ్‌నగరమున మెట్రో రైలెక్కి ఎల్.బి.నగరమునకు బోవుచుండగా, చిన్ననాట సినిమాలలో నటించి పేరొందిన యొకాయన మా యెదుట గూర్చుండిరి. ఇప్పుడు నడివయస్కులు. గుర్తుపట్టినవారు ఆనాటి ముద్దుమాట లొక్కసారి పలుకుడని వేడిరి. ఆయన పలికిరి. మేమును నవ్వితిమి. మరల నడిగిరి, మూడవసారికి ఆయన మొగమున నవ్వు మాసినది. ఆయన దిగిపోయినపిదపగాని, ఇప్పుడేమి చేయుచున్నారని మాలో నొక్కరము నడుగలేదని మాకు దోచలేదు.

ఇంటికి వచ్చి, కె. విశ్వనాథ్ గారు 1992లో వెలువరించిన ‘స్వాతికిరణము’ను మరల జూచితిమి. బాలుడగు గంగాధరుని గానమునకు లోకము మురియును. గురువగు అనంతరామశర్మ యసూయపడును. బాలుడు ప్రాణములు విడుచును. మమ్ముట్టి నటనయు, బాలునికై వాణీ జయరాం పాడిన పాటలును మెచ్చదగినవి. ఐనను నొక కొఱత గలదు. దోషమంతయు గురువుపై మోపి, ప్రేక్షకుని నిర్దోషిగా నింటికి బంపినారు. పసివాని పాటను గురువు పాటతో దూచినదెవరు? చప్పట్లు చఱచిన సభ కాదా?

1921లో ‘ది కిడ్’ చిత్రమున నటించిన జాకీ కూగన్ పెద్దవాడై చూచుకొనగా, తన యార్జనము మిగులలేదు. అందుపై 1939లో కాలిఫోర్నియాలో చట్టము పుట్టినది. మనదేశపు 2017 నాటి నిబంధనలును దినమున కైదుగంటలకు మించి పనిచేయింపరాదనియు, ఆదాయమున నూటికి 20కి తక్కువగాకుండ బాలుని పేర బ్యాంకున నుంచవలయుననియు విధించినవి.

చట్టము ధనమును గాచును. బాల్యమును గాచుట యింటివారి పని. బడి వార్షికోత్సవములలో నొక్క పిల్లవానినే మాటిమాటికి వేదిక యెక్కించి మురిసిన యుపాధ్యాయులలో మేమును నొకరము. ఆ పిల్లవాడిప్పుడెక్కడ నున్నాడో మే మెఱుగము.