ఎక్కువ పాడినవాడితో తగువు

కోనసీమలో నలుగురు చేరి సంగీతం మాట్లాడుకుంటే, ఎక్కడ మొదలైన మాటైనా శంకరగుప్తం చేరందే ఆగదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జూలై 6న పుట్టిన ఊరది. మా కపిలేశ్వరపురం నుంచి అక్కడికి పోవాలంటే గౌతమి దాటాలి, అమలాపురం దాటాలి, రాజోలు కూడా దాటి ఉప్పుగాలి మొహానికి తగిలేదాకా పోవాలి. అయినా ఆయన్ని మావాడనే అంటాం. మావాడు కాబట్టి దెప్పే హక్కు కూడా మాదే అనుకుంటాం.

ఆయన 2016 నవంబరు 22న పోయారు. దెప్పుళ్ళు మాత్రం పోలేదు. చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఇంకా పెరిగాయి. ఎవరో ఒకరు పాత రేడియో రికార్డింగు ఒకటి సంపాదించి పొద్దున్నే పంపిస్తారు. భోజనాల వేళకి రెండు పార్టీలు తయారు. ఒక పార్టీకి పెద్ద మా మాష్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు, వయొలిన్ కొంత నేర్చుకున్నారు. త్యాగరాజు తర్వాత కొత్తగా ఎవరూ కృతి కట్టనక్కర్లేదని ఆయన గట్టి నమ్మకం. రెండో పార్టీ బియ్యం కొట్టు నడిపే మా బాబాయి గారిది. ఆయనకి సరళీస్వరాలు కూడా రావు. కానీ బాలమురళి తిల్లానా ఏది పెట్టినా పల్లవి పూర్తయ్యేలోపు రాగం పేరు చెప్పేస్తారు. నేను ఈ ఇద్దరి మధ్యా కూర్చుని టీలు తెప్పిస్తుంటాను.

"ఇంత ఎందుకు రాశాడయ్యా ఆయన?" మాష్టారి మూలప్రశ్న ఇదొక్కటే. మిగతావన్నీ దీని పిల్లలు.

ప్రశ్నలో పస లేకపోలేదు. మీసకట్టు సరిగ్గా రాని వయసులో 72 మేళకర్తలకూ కృతులు కట్టాడాయన. 'జనకరాగ కృతిమంజరి' పేరుతో 1952లో అవి అచ్చయ్యాయి. ఆ తర్వాత వర్ణాలు, కృతులు, తిల్లానాలు, అన్నీ కలిపితే నాలుగు వందల పైమాటే. తెలుగులో రాశాడు, సంస్కృతంలో రాశాడు, తమిళంలోనూ రాశాడు. ఉన్న రాగాలు చాలలేదన్నట్టు మహతి, లవంగి, సుముఖం, సర్వశ్రీ, ఓంకారి, గణపతి అంటూ కొత్తవి తెచ్చాడు. త్రిముఖి, పంచముఖి అని తాళాల్లోనూ చెయ్యి పెట్టాడు. గొంతు ఒక్కటీ సరిపోదా అంటే వయోలా పట్టుకుని కచేరీ చేశాడు. 'భక్త ప్రహ్లాద' (1967)లో నారదుడి వేషం కట్టాడు. కచేరీలు పాతికవేలు అంటారు. ఎవరు లెక్కపెట్టారో గాని, ఆ అంకె విని ఆశ్చర్యపోయినవాడిని నేను చూడలేదు.

ఆయన పేరులో మొదటిమాట ఒక హరిదాసు పెట్టింది. విజయవాడ త్యాగరాజ ఆరాధనలో ఎనిమిదేళ్ళ మురళీకృష్ణ పాడితే, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పిల్లవాడికి 'బాల' చేర్చారు. మా ఊరివాళ్ళం ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటాం. మా ఊరికి పేరు తెచ్చింది హరికథే గదా. శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలని జమీందారు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు గారు 1970ల్లో పెట్టించారు. ఆడపిల్లల్ని అక్కడే ఉంచి, అన్నం పెట్టి, పాట, తాళం, అడుగు, కథ చెప్పే తీరు నేర్పించారు. చేతిలో చిరతలు, కాళ్ళకి గజ్జెలు, మెడలో దండ వేసుకుని ఆడమనిషి ఒంటరిగా వేదిక మీద నిలబడి మూడు గంటలు ఊరిని కూర్చోబెట్టడం అప్పటికి చిన్న సంగతి కాదు.

హరికథ చూస్తూ పెరిగినవాళ్ళకి ఒక విద్య తెలియకుండానే పట్టుబడుతుంది. అది కోత. దాసుగారు ఒక ఊళ్ళో పిట్టకథ చెబుతారు. జనం నవ్వరు. వెనక వరసలో ఇద్దరు లేచి సోడా తాగడానికి పోతారు. పై ఊళ్ళో ఆ పిట్టకథ ఉండదు. ఎవరికీ చెప్పరు, కోసేస్తారు. ఒక కీర్తన దగ్గర ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారంటే మర్నాడు దానికి ఇంకో రెండు సంగతులు చేరతాయి. కథ రాసింది ఒకరైనా, దానికి తుదిరూపం ఇచ్చేది పందిట్లో చాప మీద కూర్చున్నవాళ్ళు.

హరికథకి ఆద్యుడనదగ్గ ఆదిభట్ల నారాయణదాసు గారినే (1864–1945) చూడండి. ఆయనా అచ్చం బాలమురళి లాంటి మనిషే, పట్టుకోవడం కష్టం. కథలు రాశాడు, పాడాడు, ఆడాడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యాడు. ఉమర్ ఖయ్యామ్‌ని పారశీకం నుంచీ ఇంగ్లీషు నుంచీ తీసుకుని ఇటు సంస్కృతంలోకీ అటు అచ్చతెలుగులోకీ దించాడు. నిఘంటువు పనీ చేశాడు. అదంతా పుస్తకాల బీరువాలో భద్రంగా ఉంది. పందిట్లోకి వచ్చి నిలబడింది మాత్రం కొన్ని కథలు. జనం ఏరుకున్నవి.

నాకు తోచేదేమిటంటే, విరివిగా రాసేవాడు తన పాటల్ని తాను ఏరుకోలేడు. ఏరుతూ కూర్చుంటే రాయలేడు. ఆ పని చెయ్యాల్సింది వినేవాళ్ళు. పూర్వం మరపు ఆ పని చేసిపెట్టేది. త్యాగరాజు వేలల్లో రాశాడంటారు, మనకు దక్కినవి ఏడు వందల చిల్లర. శిష్యులు పాడుకున్నవి మిగిలాయి. రికార్డు వచ్చాక మరపు పని ఆగిపోయింది. అన్నీ మిగిలిపోతున్నాయి. మంచి రోజు పాడిందీ ఉంటుంది, జలుబు చేసిన రోజు పాడిందీ ఉంటుంది. అందుకే మా మాష్టారూ బాబాయి గారూ చేసే రభసని నేను కాలక్షేపం కింద కట్టెయ్యను. వాళ్ళు జల్లెడ పడుతున్నారు.

అన్నీ మిగిలితే మంచిదే కదా అంటారేమో. అన్నమయ్యని తలుచుకోండి. 32 వేల సంకీర్తనలన్నది వాడుకమాట, రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికినవే వేలు. తిరుమల గుళ్ళో అరలో భద్రంగా, చెదపురుగు ముట్టకుండా, శతాబ్దాలు పడున్నాయి. ఎవరు పాడారు? రాగం పేరు రేకు మీద ఉంది గాని, వరస పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు మళ్ళీ స్వరాలు కట్టి లేపితే గాని అవి పాటలు కాలేదు. ఆ లేపినవాళ్ళలో బాలమురళి ఉన్నాడు.

మాష్టారితో వాదనలో నా దగ్గరున్న ముఖ్యమైన పట్టు ఇదే. ఎక్కువ రాశాడని దెప్పించుకునే ఈ మనిషి, తన జీవితంలో ఎంతో భాగం పక్కవాళ్ళ పాటలకి పెట్టాడు. ఆకాశవాణి విజయవాడలో భక్తిరంజని నాటి బాలమురళిని వినండి. రామదాసు కీర్తనలు, తత్త్వాలు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు, నారాయణతీర్థుల తరంగాలు. భజన గోష్ఠుల్లోనో, బైరాగుల నోటనో ఉన్నవాటిని తెచ్చి, దుమ్ము దులిపి, తెల్లవారుజామున ఇంటింటికీ పంపించాడు. ఇవాళ రామదాసు కీర్తన అనగానే మనకు వినిపించేది ఆయన వరసే. గుళ్ళో మైకు పెట్టే కుర్రాడికి కూడా ఆ వరస తప్ప ఇంకోటి తెలియదు. తన పాటల్ని ఏరుకోని మనిషి, ఇతరులవి ఎంత చక్కగా ఏరాడో! నాకు అన్నిటికన్నా ఇష్టమైన బాలమురళి ఆ రేడియో బాలమురళే. ఆఖరి సంవత్సరాల సీడీలు కొని దాచుకున్నాను, వినడం తక్కువ. శ్రుతి దిగింది, ఊపిరి చోటు వెతుక్కుంటుంది. బాబాయి గారు ఇది ఒప్పుకోరు. "ఆ వయసులో నువ్వు పాడి చూపించు" అంటారు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు.

సాహిత్యం సంగతికి వస్తే నేను మాష్టారి వైపే కాస్త ఒరుగుతాను. బాలమురళి మాటల్లో త్యాగరాజులో ఉండే నిలదీత లేదు, క్షేత్రయ్యలో ఉండే ఒళ్ళు తెలియని మోహం లేదు. దేవుణ్ణి పొగడటం, నాదాన్ని పొగడటం, మురళి అనే మాటలో తన పేరు ముద్రగా దాచుకోవడం. కాగితం మీద పెట్టి కవిత్వంలా చదివితే పలచగా ఉంటుంది. కాని గొంతెత్తి పాడి చూడండి. గొంతు ఎక్కడ తెరుచుకోవాలో అక్కడ 'ఆ'కారం ఉంటుంది. ఎక్కడ ఆగాలో అక్కడ హల్లు అడ్డం పడుతుంది. పాడేవాడు పాడేవాడికోసం రాసుకున్న మాటలవి. 2016 అక్టోబరులో బాబ్ డిలన్‌కి సాహిత్యంలో నోబెల్ ప్రకటించినప్పుడు, పాట కవిత్వమేనా అని లోకమంతా కొట్టుకుంది. 1988 నుంచి ఊరూరా తిరిగి పాడుతున్న మనిషాయన. పాత పాటనే గుర్తుపట్టలేకుండా మార్చి పాడతాడని ఆయన అభిమానులూ మనలాగే తగాదాపడతారు. మరుసటి నెలలోనే బాలమురళి పోయారు. ఆ వారం మా మాష్టారు ఏ పార్టీలోనూ లేరు.

రాగాల తగువు మరీ పాతది. రాగమన్నాక కనీసం ఐదు స్వరాలుండాలన్నది పెద్దల మాట. మహతికి ఉన్నవి నాలుగే, స-గ-ప-ని. సర్వశ్రీకి మూడే. మద్రాసులో వీణ ఎస్. బాలచందర్ వంటి ఉద్దండుడు ఈ కొత్త రాగాల మీద పెద్ద యుద్ధమే చేశారు. పత్రికలకెక్కింది. ఇక్కడ మా రెండు పార్టీలూ ఆ యుద్ధాన్ని ఇప్పటికీ నడుపుతున్నాయి. నాలుగు స్వరాలతో ఇల్లు నిలబడుతుందా అని మాష్టారు. నిలబడిందిగా అని బాబాయి గారు. ఎం.ఎస్. విశ్వనాథన్ 'అపూర్వ రాగంగళ్' (1975)లో ఒక పాటని మహతితోనే ఎత్తుకున్నారు, ఏసుదాసు పాడారు. రోడ్డు మీద పోయేవాడు కూడా దాన్ని కూనిరాగం తీశాడు. శాస్త్రం ఏమన్నా, ఒకడు పుట్టించినదాన్ని ఇంకొకడు వాడుకున్నాడంటే అది బతికినట్టే లెక్క. సర్వశ్రీకి ఆ అదృష్టం పట్టలేదు. పట్టకపోవడానికి కారణం ఉందనే నా అభిప్రాయం. మూడు స్వరాల్లో ఆయన గొంతుకే చోటుంది, ఇంకో గొంతుకి లేదు.

కచేరీలకి ఎప్పుడొస్తాడు, ఎక్కడికొస్తాడు అన్నది ఒకప్పుడు వీటన్నిటికన్నా వేడి చర్చ. కాకినాడ సరస్వతీ గానసభకి వస్తున్నాడంటే ఇక్కణ్ణుంచి బస్సెక్కేవాళ్ళు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం అకాడమీలని రద్దు చేసినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో ఇక పాడనని బాలమురళి ప్రకటించారు. మా వాళ్ళకది గొంతులో ముల్లు. ఎన్టీఆర్ సినిమా అంటే ప్రాణం, బాలమురళి పాట అంటే ప్రాణం. 'నర్తనశాల' (1963)లో ఆ ఇద్దరినీ ఒక్క తెర మీద చూసినవాళ్ళు, ఒకరు బృహన్నల వేషంలో, ఒకరు గొంతులో. ఎవరి పక్షం ఉండాలి? "కళాకారుడికి పంతం ఉండాలి" అని కొందరు. "పంతం ప్రభుత్వంతో, శిక్ష మాకా?" అని కొందరు. ఓపికున్నవాళ్ళు డిసెంబరులో మద్రాసు పోయి విని వచ్చారు. తర్వాత ఆయన మళ్ళీ ఇక్కడ పాడారు, గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు తలుచుకుంటే రెండో మాటలోనే నాకు న్యాయం ఎక్కువ కనిపిస్తుంది. అకాడమీలు ఎత్తేసింది చాపల మీద కూర్చునేవాళ్ళు కాదు.

వచ్చే జూలై 6కి గుడి మంటపంలో చిన్న కార్యక్రమం అనుకుంటున్నాం. హరికథ నేర్చుకున్న మా ఊరి అమ్మాయి పాడటానికి ఒప్పుకుంది. గంటన్నర. ఏం పాడాలి అన్నదగ్గర మొన్న సాయంత్రమంతా గడిచింది. మేళకర్త కృతుల్లోంచి ఎవరూ పాడనిది ఒకటి ఎంచుకోవాలని బాబాయి గారు పట్టుబట్టారు. "అన్నీ పాడిందే పాడితే ఆయన 72 రాసింది దేనికి?" అన్నారు. రామదాసు కీర్తన లేకపోతే ఆడవాళ్ళు రారని నేనన్నాను. అమ్మాయి రెండూ రాసుకుని, "ఆయ్, మహతి మాత్రం వద్దండి, నిలపలేను" అంది. మాష్టారు అంతసేపూ మాట్లాడలేదు. త్యాగరాజుతోనే మొదలుపెట్టి త్యాగరాజుతోనే ముగించమంటారని అందరం ఎదురుచూస్తున్నాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కదనకుతూహల తిల్లానా లేకపోతే తాను రానని చెప్పారు. బాబాయి గారు, అది అందరూ పాడేదే గదా, వేరేది చూద్దామన్నారు. మాష్టారికి కోపం వచ్చింది.