నీలం, పసుపు, ఖాకీ, కాషాయం: ఎన్.టి.రామారావు చిత్తరువులో వర్ణ వ్యంజకత

విజయవాడ కూడళ్లలోనూ కృష్ణా డెల్టా గ్రామాల్లోనూ కనిపించే నందమూరి తారక రామారావు (1923–1996) చిత్తరువును వెండితెర కృష్ణుని కొనసాగింపుగా వ్యాఖ్యానించడం పరిపాటి. ‘మాయాబజార్’ కృష్ణుడే రాజకీయ నాయకుడయ్యాడన్నది ఆ వ్యాఖ్య సారాంశం. ముఖకవళికల మేరకు ఇది సమంజసమే. వర్ణాన్ని పరిశీలిస్తే మాత్రం ఈ సూత్రం చాలదు.

1957లో విడుదలైన ‘మాయాబజార్’ నలుపు తెలుపుల చిత్రం. రంగులద్దిన ప్రతి 2010లో గాని రాలేదు. అంటే తొలి ప్రేక్షకులు తెరమీద చూసిన కృష్ణునికి నీలవర్ణం లేదు. కావ్యాల్లోని నీలమేఘశ్యాముని, పూజాగదిలోని పటాన్ని స్మరించి ఆ వర్ణాన్ని పూరించుకొన్నది ప్రేక్షకుడే. నీలం విషయంలో అతడు కేవల భక్తుడు కాడు. వ్యంగ్యార్థాన్ని గ్రహించే సహృదయుడు.

పసుపు సంగతి వేరు. 1982 మార్చి 29న ప్రకటితమైన తెలుగుదేశం పార్టీ ఈ రంగును తన గుర్తుగా స్వీకరించింది. నాట్యశాస్త్రం అద్భుత రసానికి పీతవర్ణాన్ని చెప్పింది కనుక ఆ దారిన అన్వయించవచ్చుననిపిస్తుంది. అయితే డెల్టా పల్లెల్లో పసుపు అర్థం శాస్త్రం కన్న ముందు గడప దగ్గర స్థిరపడింది. గడపకు పూసే పసుపు, తాళికి కట్టే పసుపుకొమ్ము, శుభలేఖ అంచుల పసుపు గృహస్థ జీవనానికి సంకేతాలు. పార్టీ పతాకంలోని గుడిసె, నాగలి, చక్రం ఈ నేపథ్యం మీద నిలవడంతో ఇంటి శుభానికి శ్రమ తోడైంది.

ఇదే నేపథ్యం మీద కాషాయ వస్త్రధారి నిలిచినప్పుడు సంప్రదాయంలో పొసగని రెండు వర్ణాలు ఒకచోట చేరుతాయి. పసుపు ఇంటిలోనికి ఆహ్వానిస్తుంది. కాషాయం ఇల్లు విడిచినవానిది. ముఖ్యమంత్రిగా రామారావు ధరించిన కాషాయం ఈ వైరుధ్యాన్ని రాజర్షి భావనతో సమన్వయించింది. అధికారంలో ఉంటూనే నిస్సంగుడన్న ధ్వని అక్కడిది.

ఈ వర్ణక్రమంలో వెనుకబడినది ఖాకీ. 1982 నాటి చైతన్యరథ యాత్రలో ఆయన ధరించినవి ఖాకీ దుస్తులు. అది శ్రామికుని రంగు. ఊరూరా తిరిగి ఓటు అడిగిన మనిషి రంగు. చిత్తరువుల్లో నీల కాషాయాలకు ఉన్నంత వ్యాప్తి దానికి లేదు. నీలం అనుగ్రహించే దేవుణ్ణి, కాషాయం ఉపదేశించే యతిని స్ఫురింపజేస్తాయి. ఆ రెండింటి ముందూ చూపరి తల ఎత్తి చూడవలసిందే. ఖాకీ ఒక్కటే నాయకుణ్ణి అర్థిగా నిలిపి, ఇచ్చే అధికారం ఓటరుదని సూచిస్తుంది. కనుక ఈ చిత్తరువును వ్యాఖ్యానించేటప్పుడు ఉన్న రంగులతోపాటు మరుగైన రంగును కూడ లెక్కించాలి. ప్రజాస్వామ్యంలో నాయకునికీ ప్రజకూ ఉన్న అసలు సంబంధం ఆ మరుగైన రంగులోనే వ్యక్తమవుతున్నది.