బూడిద జాతి దగ్గరికి ఎవరు వెళ్ళారు?

‘అవతార్’ మూడో భాగం ‘ఫైర్ అండ్ యాష్’ 2025 డిసెంబర్ 19న విడుదలైంది. ఆ రోజు నుంచి నా చెవిన పడుతున్న ఫిర్యాదు ఒకటే: కథ మళ్ళీ అదే. మళ్ళీ భూమి మీది మనుషులు యంత్రాలేసుకుని దిగారు, మళ్ళీ కథానాయకుడు జేక్ పిల్లలు శత్రువు చేతికి చిక్కారు, మళ్ళీ సముద్రం మీద యుద్ధం. గుడివాడలో ఆట వదిలాక మెట్ల మీద విన్నాను, బందరు బస్సులో విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. 2009 నుంచి ఆ సినిమాల లోకం పండోరా అంటే చెవి కోసుకునే నాకు ఆ మాట అంతగా పట్టలేదు. నా అసంతృప్తి వేరే ఉంది.

అసలు కథ తిరిగి రావడాన్ని మన జిల్లా వాళ్ళు తప్పుపట్టకూడదు. మొవ్వ పక్కనే కూచిపూడి ఉంది. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేస్తుంది. నన్ను మించినవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోయండని సవాలు. ఎదురుగా కూర్చున్నవాళ్ళందరికీ తర్వాతి కథ కొట్టినపిండే. అలుగుతుంది, విరహపడుతుంది, మాధవితో కబురంపుతుంది, ఆఖరికి కృష్ణుడొస్తాడు. అయినా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామ వేషం కట్టారంటే జనం కదలకుండా కూర్చునేవారు. కృష్ణుడొస్తాడా రాడా అన్నది వాళ్ళకి పట్టేది కాదు. ఈ రాత్రి ఆ అలక ఎలా ఉంటుంది, ఏ చూపు దగ్గర ఎంతసేపు ఆగుతాడు అన్నదే కావాలి. అభిమానం అంటే నాకు తెలిసింది అదే.

సీక్వెల్ అంటే ముడి విప్పడమనే అలవాటు మనకి ‘బాహుబలి’తో బలపడింది. 2015లో అడిగిన ప్రశ్నకి జవాబు కోసం 2017 దాకా ఆగాం. ‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగం కోసం ఇప్పుడూ అలాగే కాచుకుని ఉన్నాం. అదొక పద్ధతి, అందులోనూ ఆనందం ఉంది. జేమ్స్ కామెరాన్ పద్ధతి మాత్రం అది కాదు. ప్రతిసారీ జేక్ కుటుంబాన్నే తీసుకుని పండోరాలో మనం చూడని మూలకి నడిపిస్తాడు. మొదట అడవి, తర్వాత సముద్రం, ఈసారి నిప్పు. అలాంటి కథని నేను ఒక్కటే అడుగుతాను: ఆ కొత్త చోట మమ్మల్ని ఎంతసేపు ఉండనిచ్చావు?

రెండో భాగంలో కావలసినంత సేపు ఉండనిచ్చాడు. మెట్కయినా జాతి సముద్రపుటొడ్డున, మడచెట్ల వేర్లలాంటి మహా వేర్ల మధ్య అల్లుకున్న ఇళ్ళలో కాపురముంటుంది. నాగాయలంక దాటి, పాటు వేళ పడవలో మడ అడవిలోకి వెళ్ళినవాళ్ళకి ఆ వేర్లు కొత్త కావు. నీళ్ళు దిగిపోగానే బురద నిండా మేకులు తలకిందులుగా గుచ్చినట్టు శ్వాసవేర్లు నిలబడి ఉంటాయి. తెల్ల మడ ఆకుని నాలిక్కి తగిలిస్తే ఉప్పన. చెట్టు తాగిన ఉప్పుని ఆకుల్లోంచే బయటికి తోసేస్తుంది. తిల్ల కొమ్మ విరవబోతే పడవవాడు అరుస్తాడు, ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుందని. ఆ బురదలో మోకాళ్ళ దాకా దిగి పీత బొరియ ఎక్కడుందో కాలితోనే పసిగట్టే యానాదుల్ని చూశాను. అందుకే జేక్ పిల్లలకి ఆ సముద్రపు పిల్లలు ఊపిరి పట్టడం నేర్పే సన్నివేశం నన్ను అంతలా కట్టిపడేసింది. నీళ్ళ దగ్గర బతకడం ఒక చదువని, అది ఒంటితో నేర్చుకోవాలని ఆ దర్శకుడికి తెలుసు.

తెలుసుకోవడానికి పడిన పాటూ చిన్నది కాదు. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య 13 ఏళ్ళు. పెద్ద తొట్టి కట్టి, నటుల్ని నిజంగానే నీళ్ళలో ముంచి ఆ కదలికలు పట్టారు. రోనల్ వేషం వేసిన కేట్ విన్‌స్లెట్ సాధనలో ఒక్క ఊపిరి మీద 7 నిమిషాల 15 సెకన్లు నీటిలో ఉంది. తెర మీద ఆ శ్రమ మనకి లెక్కల్లో కనబడదు. నీటి బరువు కనబడుతుంది.

మూడో భాగం దుఃఖంతో మొదలవుతుంది. పెద్దకొడుకు నెతేయం పోయాడు. తమ్ముడు లోఆక్ ఆ భారం మోస్తున్నాడు. తండ్రి పనిలో పడి మాట్లాడడు. తల్లి నేతిరికి మనుషుల మీద కోపం పేరుకుపోయి, ఇంట్లో తిరిగే మనిషి పిల్లాడు స్పైడర్‌ని చూసినా ఒళ్ళు మండుతోంది. జోయీ సల్డానా ఆ తల్లిని ఎంత నిజంగా చేసిందంటే, కంప్యూటర్ గీసిన నీలి ముఖమని గుర్తుకే రాలేదు. ఇల్లంతా ఒకే దుఃఖంలో ఉండి ఎవరి మూల వాళ్ళు పట్టుకోవడం నాకు తెలుసు. ఈ సినిమాకి నేను రుణపడ్డది అక్కడ.

తర్వాత బూడిద జాతి వస్తుంది. మంగ్‌క్వాన్లు. వాళ్ళ నాయకురాలు వరాంగ్‌గా వేసింది ఊనా చాప్లిన్, చార్లీ చాప్లిన్ మనవరాలు. ఒకప్పుడు వాళ్ళ కొండ నిప్పులు కక్కి అడవినంతా కాల్చేసింది. వాళ్ళు ఏవాని, అంటే ఆ లోకపు అమ్మని, పిలిచారు. అమ్మ రాలేదు. అప్పట్నుంచి వాళ్ళు అమ్మకి మొక్కడం మానేసి నిప్పునే పట్టుకున్నారు. దోచుకుంటారు, కాలుస్తారు, చంపుతారు. మూడు సినిమాల్లో ఇంత పెద్ద ఆలోచన ఇంకొకటి లేదు. మొదటి భాగంలో ఏవా పిలిస్తే పలికింది. పిలిచినా అమ్మ పలకనివాళ్ళ గతేమిటని అడిగే ధైర్యం కామెరాన్ ఇప్పుడు చేశాడు. అడిగి, అక్కడ నిలబడలేదు. ఆ కథ మాటల్లో వచ్చి వెళ్ళిపోతుంది, వెనకే యుద్ధం తోసుకొస్తుంది.

మా మేనమామది నాగాయలంక దగ్గరి పల్లె. ఆయన్ని గుడివాడ తీసుకొచ్చి ఈ సినిమా చూపించాను. 3 గంటల 17 నిమిషాలు కళ్ళద్దాలు తీయకుండా కూర్చున్నాడు. బయటికొచ్చి టీ తాగుతూ అడిగాడు: “ఏం అల్లుడూ, ఆ కొండ పేలినప్పుడు మిగతా జాతులోళ్ళంతా ఏమయ్యారు? ఒక్కళ్ళూ వెళ్ళలేదా వాళ్ళ కాడికి?”

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకి హక్కుంది. 1977 నవంబర్ 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది, సముద్రం దివిసీమ మీదికొచ్చింది. అల అయిదు మీటర్ల ఎత్తు లేచిందని లెక్కలు, తాటిచెట్టెత్తు అని మా వాళ్ళు. పది వేల మందికి పైగా పోయారు. మావయ్య అప్పటికి పెళ్ళీడు కుర్రాడు. తుమ్మచెట్టు కొమ్మల్లో ఇరుక్కుని తెల్లవారేదాకా బతికాడు. మోచేతి కింద ఆ ముళ్ళు గీరిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి, చొక్కా చేతులు మడిచినప్పుడు తెల్లగా కనిపిస్తాయి.

“మరి మీరు దేవుణ్ణి తిట్టుకోలేదా మావయ్యా?” అన్నాను.

“తిట్టకుండా ఎట్లా ఉంటాం? నోటికొచ్చినట్టు తిట్టాం. ఈలోపు ఎవరో కుర్రాళ్ళు పడవేసుకొచ్చి అన్నం పొట్లాలిచ్చారు. తిట్టుకుంటానే తిన్నాం.”

వచ్చినవాళ్ళ గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని శవాల్ని ఎత్తిన కాలేజీ పిల్లలు. ఏ ఊరివాళ్ళో కూడా చెప్పకుండా వారాల తరబడి ఉండిపోయినవాళ్ళు. అవనిగడ్డ మండలి వెంకట కృష్ణారావు గారు ఆ రోజుల్లో చేసిన సేవకే ‘దివిసీమ గాంధీ’ అనిపించుకున్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ జోలె పట్టి ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశారు. ఇద్దరూ గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్ళే, నిమ్మకూరులో ఒకరు, రామాపురంలో ఒకరు. తెర మీద దేవుడి వేషాలు కట్టిన ఎన్టీఆర్ రోడ్డు మీద చెయ్యి చాపి అడగడం ఆనాటి జనం మరిచిపోలేదు. పోయినవాళ్ళని ఇదంతా తిరిగి తేలేదు. మిగిలినవాళ్ళని మాత్రం ఒంటరిగా వదల్లేదు. మావయ్య మళ్ళీ వల భుజాన వేసుకున్నాడు. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో ఇప్పటికీ వేలమంది అదే సముద్రంలో మునుగుతారు, అదే నీళ్ళకి పసుపూ కుంకుమా ఇస్తారు.

వాళ్ళకి కోపం లేకపోవడం వల్ల కాదు ఇదంతా. కోపంగా ఉన్న సమయంలో పక్కన మనుషులుండడం వల్ల. మంగ్‌క్వాన్లకీ మెట్కయినాలకీ తేడా అక్కడే ఉందని నాకనిపిస్తోంది. మావయ్య ప్రశ్నకి సినిమాలో ఒక జవాబుంది కూడా. బూడిద జాతి గడప తొక్కి, మీకేం కావాలని అడిగినవాడు ఒకడున్నాడు. జేక్ కుటుంబాన్ని వెంటాడే శత్రువు క్వారిచ్. తుపాకులు పట్టుకుని వెళ్ళాడు. ఆకలిగా, ఒంటరిగా ఉన్న జాతి దగ్గరికి ముందుగా చేరిన సాయం ఆయుధమైతే ఏమవుతుందో చెప్పే కథ అందులో మొత్తం ఉంది. కామెరాన్ దాన్ని వరాంగ్ క్రూరత్వం కిందా, క్వారిచ్‌తో ఆమె జత కట్టడం కిందా చూపించి పక్కకి జరిగాడు. నీటిని అంత ఓపికగా నేర్చుకున్నవాడు బూడిదకి ఆ ఓపిక ఇవ్వలేదు. రెండో, మూడో భాగాలు ఒకేసారి చిత్రీకరించినవి. నీటి కోసం పోగుచేసినదే ఇక్కడా ఎక్కువ కనబడటం, చివరి యుద్ధం మళ్ళీ సముద్రం మీదికే పోవడం అందువల్లేనేమో.

అయినా రెండోసారి వెళ్ళాను, ఒంటరిగా. ఈసారి వరాంగ్‌నే చూశాను. తను చిన్నప్పటి నిప్పు గురించి చెప్పేటప్పుడు ఊనా చాప్లిన్ గొంతు పెంచదు. కళ్ళు మాత్రం ఎదుటివాడి మీద నుంచి తీసేసి, ఎక్కడో దూరంగా ఇంకా మండుతున్నదాన్ని చూస్తున్నట్టు ఉంచుతుంది. దర్శకుడు ఇవ్వని సమయాన్ని ఆమె ఆ చూపులోనే తీసుకుంది. మంచి వేషగాడు సన్నని పాత్రలో కూడా చోటు చేసుకోగలడు. కూచిపూడి చూసినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగో భాగం 2029 డిసెంబర్‌కి అని ప్రకటించారు. యుద్ధాలు ఎన్నైనా పెట్టుకోనీ, నేను మొదటి రోజే వెళ్తాను. అందులో ఒక్క అరగంట మాత్రం బూడిద నేల మీద కావాలి. ఆ కొండ కింద ఇంకా ఎంతమంది పిల్లలున్నారు, వాళ్ళు ఏం తింటున్నారు, ఏ నీళ్ళు తాగుతున్నారు, చచ్చిపోయినవాళ్ళని ఎక్కడ పెట్టారు. ఇవన్నీ చూడాలి. సముద్రపు జాతి పడవ ఒకటి అక్కడికి వెళ్తే, దిగినవాళ్ళని మంగ్‌క్వాన్లు మొదట కొడతారో, తిడతారో, అన్నం తీసుకుంటారో కూడా చూడాలి.