మెరుపు కింది గరుకు

ఎపాక్సీ పూత పనివాడి నేర్పు డబ్బా మూత తీయకముందే, కాంక్రీటును పరీక్షించే దశలోనే వెల్లడవుతుంది. ఎపాక్సీ అనగా రెసిన్, దానిని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు పదార్థాలు రసాయన చర్య జరపగా ఏర్పడే గట్టి ప్లాస్టిక్ పొర. అది మామూలు రంగువలె కేవలం ఆరేది కాదు, బిగుసుకొనేది. గ్యారేజీ నేలపై అది నిలవాలంటే, కొత్త కాంక్రీటుకు సాధారణంగా 28 రోజుల గడువునిచ్చి, 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో నేలకు అతికించి, కనీసం 16 గంటల తరువాత అడుగున చెమ్మ చేరిందేమో చూసి, చమురు మరకలను తొలగించి, వజ్రపు రేణువులు పొదిగిన గ్రైండరుతో ఉపరితలాన్ని గరుకుపరచవలసి ఉంటుంది. ఆ గరుకుదనమే పూతకు పట్టు. అది లోపించిన చోట వేడెక్కిన టైర్లు పూతను పెచ్చులుగా లేపుతాయి. రెండు పదార్థాలు కలిసిన క్షణం నుండి వేడి పుట్టి మిశ్రమం చిక్కబడుతూ పోతుంది గనుక, దానిని బకెట్టులో నిలువ ఉంచక వెంటనే నేలపై పరచి, రోలరు జాడలు కనబడకుండా సరిచేసే వేగమూ నిదానమూ ఒకే చేతిలో ఉండాలి. ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కుతుంది కాబట్టి, వెలుతురు పడే చోట ఎండకు తట్టుకొనే పాలీయాస్పార్టిక్ పైపూతను సూచించి, పూత పూర్తిగా బిగిసేవరకు కారును బయటనే నిలపమని చెప్పే పనివాడు మెచ్చదగినవాడు. మెరుపు కింద దాగిన ఆ శ్రమను గురించి గృహస్థు ముందే అడిగి తెలుసుకొనడమే ఈ వృత్తికి నిజమైన గౌరవం.